పదో మనిషి

పోయిన వారం మనం పెద్దవాగు ఒడ్డున, కొత్తగా పూడ్చిన ఒక గుంట ముందు ఆగాం. తునికాకు కోయబోయిన గట్టయ్య కంటపడింది అది. మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, నక్కలు తవ్వకుండా పైన పేర్చిన రాళ్లు. పసిపిల్లలకు తీసే గుంట కొలత. గట్టయ్య ఆకు మూట అక్కడే వదిలేసి మోదుగగూడెం వైపు పరుగెత్తాడు.

గుంటకు రెండు వందల గజాల దూరంలో ఆరు డేరాలు ఉన్నాయి. నాగపూర్, బల్లార్షా, కాజీపేట, బొంబాయిల నుంచి వచ్చిన ఇరవై నలుగురు యూదుల పిల్లలు వేసవి సెలవుల్లో మూడు వారాలుగా ఆ వాగు ఒడ్డున మకాం. వాళ్లకు పెద్ద షాలోం సార్, నాగపూర్‌లో బడి మాస్టారు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. వాళ్లకు అక్క కేతురా, పద్దెనిమిదేళ్లది, కాగజ్‌నగర్ కాగితం మిల్లులో బాయిలర్ ఫోర్‌మన్‌గా పనిచేసి చనిపోయిన దానియేల్ కూతురు.

ఆ గుంటలో ఏముందో ఈ లోకంలో ఒక్క కేతురాకే తెలుసు. అలా అని ఆమె అనుకుంటోంది.

అది 1964 మే నెల, శనివారం. పొద్దున ఎనిమిదికే వాగు ఇసుక కాళ్లు కాలుస్తోంది. డేరాల ముందు జీపు ఆగింది. జీపు వెనకాల మోదుగగూడెం సగం ఊరు నడిచి వచ్చింది.

జీపు వంతెన కాంట్రాక్టరుది. అందులోంచి దిగినవాడు సబిన్‌స్పెక్టర్ ఇనాయతుల్లా. నిజాం సర్కారు పోయి పదహారేళ్లయినా ఆ చుట్టుపక్కల పోలీసు అధికారిని ఇంకా అమీన్ సాబ్ అనే అంటారు. ఆయనకూ ఆ పిలుపే ఇష్టం. చెమట తుడుచుకుని, డేరాలను ఒకసారి కలియజూసి, "ఇక్కడ పెద్దమనిషెవరు?" అన్నాడు.

నెత్తిన తెల్ల టోపీతో షాలోం సార్ బయటికి వచ్చాడు. ఆ టోపీ చూసి ఇనాయతుల్లా ఒక మెట్టు తగ్గాడు.

"ముసల్మానా?"

"కాదు. యహూదీ."

"యహూదీ!" ఇనాయతుల్లా కనుబొమలు పైకి లేచాయి. "కితాబుల చదివిన మాస్టర్ సాబ్. కండ్లతోటి చూసుడు గిదే మొదలు."

నాగపూర్ మనిషి కాబట్టి షాలోం సార్‌కు ఉర్దూ మాటలు అర్థమవుతాయి. తెలుగు అందదు. మధ్యలో కేతురా నిలబడి అటు మాట ఇటు చెప్పాలి. మూడు వారాలుగా ఆ పని ఆమెదే.

"గట్టయ్యా, నువ్వు చెప్పు," అన్నాడు ఇనాయతుల్లా.

గట్టయ్య ముందుకొచ్చాడు. "బాంచెన్ అమీన్ సాబ్, గా వంతెన రెండుసార్లు కూలింది. పసిపిల్లను పెడితెగని నిలవదని మేస్త్రీలే అనుకుంటుండ్రు. మా ఊళ్లె పిల్లల్ని లెక్కబెట్టినం. అందరున్నరు. మరి గుంట ఎవలిది? గీ బొంబాయోళ్లదే."

"గీళ్లు బొంబాయోళ్లు కాదురా," అంది వెనక నుంచి ఒక గొంతు. నాగవ్వది. డేరాల దగ్గర వంట చేసే మనిషి. "సగంమంది రైలోళ్ల పిల్లలు. కాజీపేటోళ్లున్నరు. నీ లెక్కనే తెలుగు మాట్లాడుతరు, నీకన్న మంచిగ మాట్లాడుతరు."

గుంపులో నవ్వులు పుట్టాయి. గట్టయ్య మొహం ముడుచుకున్నాడు.

ఇనాయతుల్లా పిల్లలను వరుసలో నిలబెట్టమన్నాడు. ఒక్కొక్కరు పేరు, ఊరు చెప్పాలి. పిల్లలు నిలబడ్డారు. పద్దెనిమిదో మనిషి సిపోరా, తొమ్మిదేళ్ల కాజీపేట పిల్ల, ఇంజను డ్రైవరు కూతురు. ఆమె ముందు ఇనాయతుల్లా వంగాడు.

"నువ్వెవరు బేటీ?"

"సిపోరా. కాజీపేట. మేము బేనే ఇస్రాయేల్, యూదులం."

పిల్ల గొంతు ఇంకో ఒడ్డుకు వినబడేంత గట్టిగా ఉంది. మూడు వారాల కింద రైలు దిగినప్పుడు ఇదే ప్రశ్న కేతురా అడిగింది. అప్పుడు సిపోరా కాళ్లవైపు చూసుకుంటూ, "మేము రైల్వేవాళ్లం," అని చెప్పింది. ఆ రోజు ఇంకో పిల్లవాడు, "క్రిస్టియన్‌లాంటోళ్లం," అన్నాడు. కేతురా వాళ్లను తప్పుపట్టలేదు. కాగజ్‌నగర్ బడిలో పదేళ్లు తనూ అలాంటి జవాబులే చెప్పింది. ఆ ఊళ్లో ఆ మతంవాళ్లది ఒక్కటే ఇల్లు. శుక్రవారం పొద్దుగూకే ముందు అమ్మ గాజు గ్లాసులో నూనె పోసి వత్తి వెలిగించి, గోడవైపు తిరిగి ఏదో గొణుక్కునేది. అది తమ ఇంటి అలవాటని కేతురా అనుకునేది. ఇక్కడ మొదటి శుక్రవారం షాలోం సార్ అలాగే గ్లాసులో దీపం పెట్టి గొంతెత్తాడు. ఇరవై నలుగురు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గొణుగుడు అందరికీ వచ్చు. ఇరవై నలుగురి అమ్మలు ఇరవై నాలుగు గోడలవైపు తిరిగి గొణుక్కున్నది ఒక్కటే పాట.

ఆ రాత్రి నుంచి పిల్లల నడక మారింది. ఈ మకాం వచ్చే ఏడు కూడా జరగాలని, అప్పుడు ఆడపిల్లల డేరాలన్నీ కేతురా చూసుకోవాలని షాలోం సార్ అన్నాడు. కేతురాకు ఈ భూమ్మీద ఇంతవరకు ఎవరూ అప్పజెప్పని పని అది. గుంట తవ్వితే ఆ పని పోతుంది. ఆమెకు తెలుసు.

"ఇరవై నాలుగు," అన్నాడు ఇనాయతుల్లా లెక్క ముగించి. "అందరున్నరు. మరి గుంటల ఎవరున్నరు?"

ఊరు మొత్తం మోదుగ చెట్ల కింద గుంట వైపు నడిచింది.

ఇప్పుడు ఆరు రోజులు వెనక్కి పోవాలి.

పోయిన ఆదివారం గాలిదుమారం లేచి కింది ఒడ్డున వేసిన డేరాలను చింపింది. మకాం మొత్తం వాగు దాటించి మిట్టమీదికి మార్చారు. అందరూ మూటలు మోస్తున్నారు. కేతురా టేకు పెట్టెను ఎత్తుకుంది. ఎత్తమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. పెట్టెలో సేఫెర్ ఉంది. తోలు మీద చేత్తో రాసిన ధర్మగ్రంథం, రెండు కర్రలకు చుట్టి ఉంటుంది. బొంబాయిలోని వాళ్ల ప్రార్థనాలయం షాలోం సార్ మాట మీద దాన్ని మూడు వారాలకు పంపింది.

వాగు మధ్యలో పాచి పట్టిన రాయి మీద కేతురా కాలు జారింది. పెట్టె మూత తెరుచుకుంది. సేఫెర్ నీళ్లలో పడింది. అందరూ ముందుకు పోయారు. చూసినవాళ్లు లేరు.

సేఫెర్ నేలపడితే చూసినవాళ్లు నలభై రోజులు పగటిపూట పస్తుండాలి. పాడైన సేఫెర్‌ను పారేయకూడదు, కాల్చకూడదు. మట్టికుండలో పెట్టి మనిషిని పూడ్చినట్టు పూడ్చాలి. ఈ రెండు మాటలూ కేతురాకు ఆజీ చెప్పింది. ఆజీ అంటే నాన్నమ్మ. ఆమె పోయి ఆరేళ్లయింది. రెండు మాటలనూ కేతురా పొల్లుపోకుండా పాటించింది. వంట డేరా వెనక మూతి పగిలిన గోలెం ఒకటి తీసుకుంది. తడిసిన సేఫెర్‌ను తన తెల్ల ఓణీలో చుట్టి అందులో పెట్టింది. మనిషిని పూడ్చినట్టు అన్నారు కాబట్టి గుంట పొడుగ్గా తవ్వింది. పెట్టెలో సేఫెర్‌కు బదులు రెండు ఇటుకలు టవలులో చుట్టి పెట్టింది. ఆ రోజు నుంచి పొద్దు గూకేదాకా మెతుకు ముట్టడం లేదు.

ఆజీ చెప్పని మాట మూడోది ఒకటి ఉంది. దాని సంగతి ఇంకాసేపట్లో వస్తుంది.

పెట్టెను ఆరు రోజులుగా ఎవరూ తెరవలేదు. కారణం చిన్నది. సేఫెర్ విప్పి చదవాలంటే పదమూడు నిండిన మగవాళ్లు పదిమంది ఉండాలి. మకాంలో షాలోం సార్‌తో కలిపి తొమ్మిది మంది. పదో మనిషి దొరకలేదు. బల్లార్షా నుంచి రావలసిన రైలు గార్డు ఒకాయనకు సెలవు దొరకలేదు.

పదో మనిషి లేకపోవడం కేతురాకు కొత్త కాదు. రెండేళ్ల కింద నాన్న జ్వరంతో పోయినప్పుడు కాజీపేట నుంచి ఇద్దరు, బల్లార్షా నుంచి ఒకరు మాత్రమే రాగలిగారు. ముగ్గురితో చనిపోయినవాళ్ల ప్రార్థన చెప్పకూడదు. చెప్పలేదు. క్రైస్తవుల శ్మశానం వాళ్లు ఒక మూల ఇస్తే అక్కడ పూడ్చిపెట్టారు. ఈ మకాంలో పదిమంది పోగైతే నాన్న కోసం ఆ ప్రార్థన చెప్పిస్తానని షాలోం సార్ మాటిచ్చాడు. మూడు వారాలుగా కేతురా పదో మనిషి కోసం రైలు దిగేవాళ్లను లెక్కపెట్టింది. ఆదివారం తర్వాత లెక్క తిరగబడింది. పదో మనిషి వస్తే పెట్టె తెరుస్తారు.

ఇక తిరిగి శనివారానికి వద్దాం. మోదుగ చెట్ల కింద అందరూ గుంట చుట్టూ నిలబడ్డారు.

"తవ్వుండ్రి," అన్నాడు ఇనాయతుల్లా. పార ఒకటి షాలోం సార్ ముందు పడేశాడు. "మీ మకాం జాగ, మీరే తవ్వుండ్రి. ఏం లేకపోతె సలాం చేసి పోత."

షాలోం సార్ పార వైపు చూశాడు. ముట్టలేదు.

"ఈ రోజు మేము తవ్వం," అన్నాడు.

"ఎందుకు?"

"శనివారం. మా విశ్రాంతి రోజు. ఏ పనీ చెయ్యకూడదు. రేపు పొద్దున్నే మీరు చెప్పిన చోటల్లా తవ్విస్తాను."

గుంపులో గొణుగుడు మొదలైంది. "చూసిండ్రా? రేపటిదాంక ఆగాల్నట," అన్నాడు గట్టయ్య. "రేపటికి గుంటల బొక్కలు గూడ మిగలయి."

"మాస్టర్ సాబ్," ఇనాయతుల్లా గొంతు తగ్గింది. "నేను మీ మీద షక్ పడాలె అని రాలే. పడేటట్టు మీరే చేస్తుండ్రు."

"చట్టం మీది. రోజు నాది," అన్నాడు షాలోం సార్. ఆయన మాటలో కోపం లేదు.

ఇనాయతుల్లా జవాన్ల వైపు తిరిగాడు. ఇద్దరు జవాన్లు ఉన్నారు. ఇద్దరికీ గ్రామదేవత పెద్దమ్మ తల్లి గుర్తొచ్చినట్టుంది, గుంట వైపు చూడటం లేదు. పసిపిల్ల గుంట తవ్వితే తమ ఇంట్లో పిల్లలకు కీడని వాళ్ల భయం. ఆ భయం ఊరందరికీ ఉంది. పార చేతులు మారుతూ పోయింది.

"దశరథమన్నా, నువ్వు పట్టు," అన్నాడు గట్టయ్య. "నీకు పిల్లా లేదు, పీచూ లేదు. నీకేం కీడు తాకుతది?"

దశరథం ఊళ్లో గానుగ ఆడించే మనిషి. డెబ్భై ఏళ్లుంటాయి, ఒంటి ఎద్దు గానుగ, ఒంటి మనిషి. గుంపు చివర ఒక మోదుగ చెట్టుకు ఆనుకుని, నెత్తికి రుమాలు చుట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల నేను పార ముట్ట," అన్నాడు.

"ఎందుకు ముడుతడు?" నాగవ్వ అందుకుంది. "శనివారమైతె గానుగనే ఆడియ్యడు. ఎంకన్నకు ఒక్కపొద్దు. నూనె లేక నేను ప్రతి శుక్రారం రెండు రోజులకు కొని పెట్టుకుంట. గీ సార్ శనివారమంటడు, గా ముసలాయన శనివారమంటడు. వంటామెకు గని శనివారం లేదు!"

ఈసారి జవాన్లు కూడా నవ్వారు. దశరథం నవ్వలేదు.

ఇనాయతుల్లాకు ఎండ తలకెక్కుతోంది. "బస్. తవ్వుడు నేను చూసుకుంట. మాస్టర్ సాబ్, మీరు ఠాణాకు నడువుండ్రి. గుంటల ఉన్నదేందో తేలేదాంక అక్కడ కూసోండ్రి. పిల్లల్ని సాయంత్రం బండికి ఎక్కించి ఇండ్లకు తోలుతరు. మకాం బంద్. జీపు ఎక్కుండ్రి."

"జీపు ఎక్కను," అన్నాడు షాలోం సార్. "శనివారం బండి ఎక్కం. నడిచి వస్తాను."

"కాగజ్‌నగర్ ఎనిమిది మైళ్లు సాబ్! గీ ఎండల!"

"తెలుసు."

షాలోం సార్ డేరాలోకి పోయి చెప్పులు వేసుకుని వచ్చాడు. మధ్యలో సిపోరా ముందు ఆగి, చేయి చాచాడు. పిల్ల తన చేతివేళ్లతో ఆయన వేళ్లు తాకి, ఆ వేళ్లు తన పెదవులకు ఆనించుకుంది. వాళ్ల మతంలో ఒకరికొకరు అలా చేస్తారు. సేఫెర్‌ను చూసినా అలాగే, వేళ్లు దానివైపు చాచి పెదవులకు ఆనించుకుంటారు. పిల్లల్లో సగంమందికి ఈ మకాంలో చేరేదాకా అది తెలియదు. షాలోం సార్ వరుసంతా అలా తాకుతూ పోయాడు. చివర కేతురా ఉంది. ఆయన చేయి చాచాడు.

కేతురా చేయి కదలలేదు.

ఆమె ఆయన చెప్పుల వైపు చూస్తోంది. ఒక చెప్పుకు పట్టీ తెగి దారంతో కట్టి ఉంది. ఎనిమిది మైళ్లు. ఆ దారం ఒక మైలు కూడా నిలవదు.

"నేనే పూడ్చాను," అంది మరాఠీలో.

ఏం పూడ్చిందో షాలోం సార్‌కు అర్థం కాలేదు. ఆమె ఇనాయతుల్లా వైపు తిరిగి, ఊరందరికీ తెలిసే భాషలో మళ్లీ చెప్పింది. "నేనే పూడ్చిపెట్టిన సాబ్. సార్‌కు తెల్వది. గుంటల మనిషి లేడు. పుస్తకమున్నది."

గట్టయ్య గట్టిగా అన్నాడు. "పుస్తకాన్ని ఎవలన్న పూడ్చిపెడుతరా? మాకు చెవుల పూలు పెడుతుందా?"

"మేము పెడతం. పాడైతె పెడతం," అంది కేతురా. "వాగు దాటంగ నా చేతులకెల్లి పడ్డది. మా ధర్మం పుస్తకం. తడిస్తె సచ్చినట్టే. గోలెంల పెట్టి మట్టిచ్చిన."

"గోలెమా?" నాగవ్వ గుంపును తోసుకుని ముందుకొచ్చింది. "నా మూతి పలిగిన గోలెం! ఆరు రోజులకెల్లి దేవులాడుతున్న గదనే! కుక్క దొర్లిచ్చుకపోయిందనుకున్న!" ఆమె ఇనాయతుల్లా వైపు తిరిగింది. "నిజమే సాబ్, గీ పిల్ల ఆదివారం సంది పొద్దంత ముద్ద ముట్టలే. నేనడిగితె కడుపుల బాగలేదన్నది."

"రోజా ఉంటున్నవా బిడ్డా?" అన్నాడు ఇనాయతుల్లా. "రంజాన్ ఐపోయి మూడు నెలలాయె."

కేతురా షాలోం సార్ వైపు తిరిగి మరాఠీలో మొత్తం చెప్పింది. పాచి రాయి, మూత, ఓణీ, ఇటుకలు. చెబుతున్నంతసేపూ ఆయన ఆమెను ఆపలేదు. చెప్పడం అయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"నీళ్లలో ఎంతసేపు ఉంది?"

"వంద అంకెలు లెక్కపెట్టేంత సేపు. కొట్టుకుపోయింది. పరుగెత్తి పట్టుకున్నాను."

"వంద అంకెలు," అన్నాడాయన. మోదుగ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. "కేతురా, తోలు మీద రాసినది వంద అంకెల్లో చావదు. నీడన విప్పి ఆరబెట్టాలి. చెదిరిన చోట రాసేవాడు మళ్లీ దిద్దుతాడు. దిద్దలేనంత పాడైతేనే పూడుస్తాం. ఆరబెట్టకుండా తడి తోలును మట్టిలో పెడితే రెండు రోజుల్లో బూజు, నాలుగు రోజుల్లో పురుగు."

ఆజీ చెప్పని మూడో మాట అదే.

కేతురా పెదవులు కదిలాయి. ఆరు రోజులు లెక్కపెట్టుకుంది. బతికున్నదాన్ని పూడ్చిపెట్టింది తను.

"ఏమంటుండు?" అన్నాడు ఇనాయతుల్లా.

"పూడ్చేది లేకుండె అంటుండు," అంది కేతురా. "బతికేదట."

ఇనాయతుల్లా ఆమెను కాసేపు చూసి, పార గట్టయ్య చేతికిచ్చాడు. "పిల్ల లేదంటుంది గద. ఇగ నీకేం భయం? తవ్వు."

గట్టయ్య రాళ్లు తీసి పక్కన పెట్టాడు. మట్టి వదులుగా ఉంది, పార దిగబడిపోతోంది. మోకాలి లోతు పోయేసరికి టక్కుమని చప్పుడైంది. గోలెం. దాని పగిలిన మూతి మీద రేకు, రేకు మీద రాయి.

కేతురా ముఖం చిట్లించింది. తను రాయి పెట్టింది. రేకు పెట్టలేదు.

గట్టయ్య రేకు తీసి లోపలికి చేయి పెట్టాడు. చుట్ట ఒకటి పైకి తీశాడు. ఒంటి చేత్తో, మోపులో కట్టె లాగినట్టు.

"కింద పెట్టకు!" అని కేక వేసింది కేతురా. గుంటలోకి దిగి, రెండు చేతులూ చాచి దాన్ని అందుకుంది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుంది. గుంపులో ఆడవాళ్లు మెడలు సాచి చూశారు. నిజంగా పసిపిల్ల కాదని అప్పటికి గాని వాళ్లకు నమ్మకం కుదరలేదు.

చుట్ట తేలిగ్గా ఉంది. ఆదివారం దాని బరువుకు కేతురా చేతులు లాగాయి. ఇప్పుడు ఆ బరువు లేదు. ఆమె దాన్ని చూసింది. చుట్టిన బట్ట తన తెల్ల ఓణీ కాదు. మొరటు కోరా బట్ట, కొత్తది. మూడు చోట్ల నారతో కట్టు.

"సార్," అంది. "ఇది నా బట్ట కాదు."

షాలోం సార్ లేచి వచ్చాడు. కట్టు విప్పమన్నాడు. కేతురా గోళ్లతో నారను పక్కకు జరిపింది. బట్ట మడత తీసింది. తోలు బయటపడింది.

పొడిగా ఉంది.

షాలోం సార్ ముట్టకుండా వంగి చూశాడు. ఒక చివర అక్షరాలు రెండు చోట్ల చెదిరాయి, సిరా నీలంగా పాకింది. మిగతాదంతా నిలిచింది. బూజు లేదు. మధ్య మధ్య మెత్తటి బట్ట పీలికలు పెట్టి చుట్టారు, తోలుకు తోలు అంటుకోకుండా. ఆయన చాలాసేపు చూశాడు. వెనక పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. వేళ్లు చాచారు, పెదవులకు ఆనించుకున్నారు. సిపోరా అందరికన్నా ముందు చేసింది.

"ఎవరో తీశారు," అన్నాడు షాలోం సార్ మెల్లగా. "తీసి, నీడన ఆరబెట్టి, పద్ధతిగా చుట్టి, మళ్లీ నువ్వు పెట్టిన చోటే పెట్టారు. ఇంత తెలిసినవాడు మనవాడే అయి ఉండాలి. కానీ మనం తొమ్మిది మందిమే. ఎనిమిది మంది పిల్లలూ రోజంతా నా కళ్ల ముందే ఉన్నారు."

కేతురా కోరా బట్టను మొహానికి దగ్గరగా పట్టుకుంది. నువ్వుల నూనె వాసన. ఒలికితే వచ్చేది కాదు. ఏళ్ల తరబడి చేతులకు పట్టి, ఆ చేతులు తాకిన ప్రతి వస్తువుకూ ఎక్కే వాసన.

ఆమె తల ఎత్తింది.

గుంపులో అందరూ గోలెంలోకి తొంగి చూస్తున్నారు. ఇంకా ఏమన్నా ఉందేమోనని. గోలెం వైపు చూడని మనిషి ఒక్కడే. అతను సేఫెర్ వైపు చూస్తున్నాడు. నెత్తి రుమాలు నుదుటి మీదికి లాక్కున్నాడు. కుడిచెయ్యి లేచింది. రెండు వేళ్లు సేఫెర్ వైపు చాచి, పెదవులకు ఆనించుకుని, ఎవరూ చూడకముందే చెయ్యి దించేశాడు.

ఆ వేళ్లు మూడు వారాల కింద నేర్చుకున్న వేళ్లు కావు. డెబ్భై ఏళ్ల అలవాటు అది.

గానుగ దశరథం.

శనివారం ఆగే గానుగ, ఎంకన్న కోసం కాదు. పార ముట్టని చెయ్యి. కేతురా మనసులో లెక్క దానంతటదే సాగింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పది. క్రైస్తవుల శ్మశానంలో ఒక మూల రెండేళ్లుగా ప్రార్థన లేకుండా పడుకున్న నాన్నకు పది.

దశరథం ఆమె చూపును పట్టుకున్నాడు. పారిపోలేదు. ఒకే ఒక్కసారి, చాలా చిన్నగా, తల అడ్డంగా ఊపాడు. చెప్పకు. అతని చుట్టూ మోదుగగూడెం నిలబడి ఉంది. ఆ ఊళ్లో పుట్టి, ఎంకన్న భక్తుడిగా ఆ ఊరి నోళ్లలో డెబ్భై ఏళ్లు గడిపిన మనిషి.

ఇనాయతుల్లా గోలెం పక్కన లేచి నిలబడ్డాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు. ఆయన పోలీసు. రేకును చూశాడు, కోరా బట్టను చూశాడు, తడిసిందన్న పుస్తకం పొడిగా ఉండటం చూశాడు, ఆ పిల్ల కళ్లు ఎటు పోయాయో కూడా చూశాడు.

"నువ్వు పూడ్చినవ్, ఒప్పుకున్న," అన్నాడు. "తీసి మళ్ల పెట్టింది ఇంకొకరు. వాళ్లెవరో నీకు ఇప్పుడే ఎర్కయింది. నీ మొహంల కనబడుతుంది. ఇందాక నిజం చెప్పి మాస్టర్ సాబ్‌ను ఇడిపించుకున్నవ్. ఇది గూడ చెప్పు బిడ్డా. ఎవరు?"

ఊరు మొత్తం ఆమె వైపు తిరిగింది. మోదుగ చెట్టు కింద ముసలి మనిషి కదలకుండా నిలబడ్డాడు.

కేతురా సేఫెర్‌ను ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, నోరు తెరిచింది.